తడి గోనెసంచి

“ఆ గొట్టం పగుల్తది. పగిలి మాలంతా పిల్లగాని మొఖం మీద కొడ్తది. సిమెంటు కండ్లల్ల పడ్డదంటే ఇగ చూపు దక్కదు.”

మిషను ఇంకా ట్రాలీ ఆటో మీంచి దిగనే లేదు. కట్టిన తాళ్ళు విప్పనే లేదు. ఖతీజా మాత్రం వాకిట్లో నిలబడి, కొంగు నెత్తి మీదికి లాక్కుని, అనవలసింది అనేసింది.

“హమ్మయ్య, అక్క అనేసింది. ఇగ గొట్టానికేం ఫికరు లేదు,” అని గోడకు ఆనుకుని కూర్చున్న కూలీ హేమ్లి పకపకా నవ్వింది.

నవ్వింది గానీ అది ఉత్త వేళాకోళం కాదు. ఏన్కూరులో మజహర్ మేస్త్రీ దగ్గర పనిచేసిన కూలీలందరికీ ఆ పట్టింపు ఉండేది. పొద్దున్నే పనిముట్ల కోసం మేస్త్రీ ఇంటికి వచ్చినప్పుడు, “ఇయ్యాల ఏం భయమక్కా?” అని ఆయన భార్య ఖతీజాను అడిగేవాళ్ళు. పరంజా కర్ర విరుగుతుందనో, ఇటుకల సందులో తేలు ఉంటుందనో ఆమె ఏదో ఒకటి అనేది. అన్నది ఆ రోజుకు జరగదని వాళ్ళ నమ్మకం. ఒకసారి ఆమెకు జ్వరమొచ్చి లేవలేకపోతే తండా దస్రు పరంజా ఎక్కనని మొండికేశాడు. “అక్క ఇంక ఏమన్లే. నేనెట్ల ఎక్కాలె?” అన్నాడు. మజహర్ తిట్టుకుంటూ ఇంటికొచ్చి, “ఏదో ఒకటి ఏడువు తల్లీ, ఆడ పని ఆగింది,” అని మంచం పక్కన నిలబడితే, ఆమె దుప్పటి లోంచే, “నిచ్చెన జార్తది,” అని మళ్ళీ అటు తిరిగి పడుకుంది.

ఈ అలవాటు ఆమెకు తల్లి నుంచి వచ్చింది. ఇల్లందులో ఉన్నప్పుడు, తండ్రి బొగ్గుబాయిలోకి దిగే ముందు తల్లి రోజూ అలాగే అనేది. “నోట్లెంచి ఎల్లిన భయం గాలికి పోతది బిడ్డా. కడుపుల దాసుకున్న భయం కాన్పైతది,” అని చెప్పేది. ఖతీజా ఏడో తరగతితో బడి మానేసింది గానీ ఈ పాఠం మాత్రం మానలేదు. తన బతుకులో ఒక్కటి తప్ప అన్ని భయాలూ పైకి అనేసింది. అనని ఆ ఒక్కటే జరిగింది.

కొడుకు ఇల్లు విడిచి పోతాడన్నదే ఆ భయం. రెండేళ్ళ కింద పోయిన పర్వేజ్, ఇదిగో, ఇప్పుడు ఆటో ముందు సీటులోంచి దిగుతున్నాడు.

“నన్ను చూడకముందే నా కండ్లు తీసేసినవా అమ్మీ?”

ఖతీజా వాడి మణికట్టు పట్టుకుంది. ముఖం చూడటానికి ధైర్యం చాలక గోళ్ళు చూసింది. గోళ్ళ సందుల్లో సిమెంటు. తండ్రి గోళ్ళలాగే. ఫోనులో శుక్రవారం శుక్రవారం వాడి ముఖం చూస్తూనే ఉంది గానీ ఫోనులో గోళ్ళు కనబడవు. చొక్కా వాసన రాదు. “తిన్నవా?” అని అడిగితే “తిన్న” అనే మాట వస్తుంది, తిన్న కంచం కనబడదు. ఈ రెండేళ్ళలో ఆమె ఎన్నిసార్లు బియ్యం కడగబోయి, అలవాటుగా మూడో మనిషికి కూడా పోసి, మళ్ళీ గుప్పెడు తీసి డబ్బాలో వేసిందో లెక్కలేదు.

“బక్కగైనవ్ రా,” అని, గుమ్మం వైపు తిరిగి పిలిచింది. “పర్వేజ్ అబ్బా! పిల్లగాడొచ్చిండు!”

లోపలి నుంచి జవాబు లేదు.

ఆమె మొగుణ్ణి ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. పెళ్ళయిన కొత్తలో “ఇగో”, “వింటున్నవా” అనేది. కొడుకు పుట్టి ఏడోనాడు పేరు పెట్టాక, చుట్టుపక్కల అన్ని ఇళ్ళలో లాగే అది “పర్వేజ్ అబ్బా” అయింది. ఇరవై ఏళ్ళకు పైగా అదే పిలుపు. కొడుకు పోయిన నాటి నుంచి మజహర్ ఆ పిలుపుకు పలకడం మానేశాడు. కోపం భార్య మీద కాదు, ఆ పిలుపులో ముందుండే పేరు మీద. ఆమెకేమో ఇంకో పిలుపు నోటికి రాదు. మళ్ళీ “ఇగో” అని మొదలుపెడితే కొడుకు పుట్టనే లేదని ఒప్పుకున్నట్టు ఉంటుంది. అందుకని పిలుస్తూనే ఉంది. అన్నం వడ్డించి ఒకసారి, నీళ్ళు కాగాక ఒకసారి, ఎవరో వచ్చారని ఒకసారి. మజహర్ లేచి వస్తాడు, తింటాడు, స్నానం చేస్తాడు, వచ్చినవాళ్ళతో మాట్లాడతాడు. “ఆఁ” అని మాత్రం అనడు.

కొట్లాట ఇదే వాకిట్లో జరిగింది. ఖమ్మంలో ఐటీఐ చదివి, హైదరాబాదులో గోడలకు సిమెంటు మాలు కొట్టే మిషను పని నేర్చుకుని వచ్చిన పర్వేజ్, కూలీలందరినీ కూర్చోబెట్టి సెల్‌ఫోనులో వీడియో చూపించాడు. ఒక మనిషి గొట్టం పట్టుకుని నిలబడితే మాలు వానలా పోయి గోడకు అతుక్కుంటోంది.

“ఎనిమిది మంది పని ముగ్గురు చేస్తరు అబ్బా. మిషన్ కాడ ఒకరు, గొట్టం పట్టేటోడు ఒకడు, గోడ సాపు చేసేటోడు ఒకడు.”

కూలీలు తాగుతున్న చాయ్ గ్లాసులు ఆగిపోయాయి. మజహర్ నింపాదిగా అడిగాడు. “మిగిలిన ఐదుగురిల నేనున్ననా, లేనా?”

నవ్వి ఊరుకుంటే పోయేది. ఉడుకు నెత్తురు ఊరుకోదు కదా. “నువ్వు గూడ ఇంకెన్నాళ్ళు ఎక్కుతవు అబ్బా పరంజా? భుజం లేస్తలేదుగా,” అన్నాడు వాడు, అందరి ముందూ.

అది నిజం. నిజం కాబట్టే దెబ్బ గట్టిగా తగిలింది. మజహర్ కుడి చెయ్యి అప్పటికే భుజం దాటి పైకి లేవడం లేదు. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు. బయట ఎవరికీ తెలియదు. తెలియదని మజహర్ అనుకునేవాడు.

ఆ సాయంత్రం కొడుకు సంచి సర్దుతుంటే “వీడు పోతడు” అనే మాట ఖతీజా గొంతు దాకా వచ్చింది. అంటే తానే దారి చూపినట్టవుతుందేమోనని మింగేసింది. తెల్లారి మొదటి బస్సుకు వాడు పోయాడు.

ఆ తర్వాత ఏన్కూరుకు మిషను రాలేదు. మనుషులే పోయారు. దస్రు కొడుకు ఆటో కొన్నాడు, కొడుకు వెంట దస్రూ పోయాడు. ఇద్దరు సారపాక మిల్లులో కాంట్రాక్టు పనికి కుదిరారు. అడవి అవతలి నుంచి ఏటా వచ్చే కూలీలు రావడం తగ్గించారు. వచ్చినవాళ్ళూ, ఉన్న ఆడవాళ్ళూ మిరప ఏరే కాలం రాగానే తోటల్లోకే పోయారు. నెత్తిన మాలు తట్ట పెట్టుకుని మెట్లెక్కడం కన్నా, సాలులో కూర్చుని కబుర్లాడుకుంటూ కాయ ఏరడం మేలు కదా. ఎనిమిది మందిలో హేమ్లి ఒక్కతే మిగిలింది. మిరప మంటకు ఆమె చేతులు బొబ్బలెక్కుతాయి, అందుకని.

“మిషన్ వస్తే మేము పోతమని మేస్త్రి కొడుకుతోని కొట్లాడిండు,” అనేది హేమ్లి. “మిషన్ రానే రాలే. మేమే పోతిమి. ఏం చేద్దామక్కా, ఎవల్ని తిట్టాలె?”

సరిగ్గా అప్పుడే, మజహర్ కడుతున్న వెంకటప్పయ్య ఇల్లు సగంలో ఆగింది. ఆయన తండ్రి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న రైతు. రెండంతస్తుల ఇల్లు, మజహర్ ఇంటికి నాలుగిళ్ళ అవతల. ఆయనకు ఎనిమిదెకరాల మిరప తోట కూడా ఉంది.

“నా తోటలోకే నా ఇంటి కూలీలొచ్చారు మేస్త్రీ,” అన్నాడాయన తల పట్టుకుని. “తోటలోకి రావద్దనలేను, ఇంటి దగ్గరికి పొమ్మనలేను. నన్ను నేనే తిట్టుకోవాలి. ఉగాదికి పాలు పొంగించాలయ్యా. కుదరకపోతే ఖమ్మం నుంచి ఎవరినైనా మాట్లాడుకుంటాను, ఏమీ అనుకోకు.”

హేమ్లి మాలు అందిస్తుంటే మజహర్ ఒక్కడే కొట్టడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఖతీజా అన్నం తీసుకుపోయి ఆ ఇల్లు చూసింది. ప్రతి గదిలోనూ గోడ ఛాతీ ఎత్తు వరకు అద్దంలా నున్నగా ఉంది. ఆ పైన అంతా ఎర్రటి ఉత్త ఇటుక. ఏ గదిలో చూసినా అదే ఎత్తు. ఇల్లు ఇల్లంతా లుంగీ కట్టుకుని ఒంటి మీద చొక్కా లేకుండా నిలబడినట్టుంది. ఆయన చెయ్యి ఎంతవరకు లేస్తుందో గోడలన్నీ కూడబలుక్కుని ఊరికి చెబుతున్నాయి. ఆమెకు ఏడుపొచ్చింది. ఆ సాయంత్రమే కొడుక్కు ఫోను చేసింది.

పర్వేజ్ అప్పటికే దోస్తుతో కలిసి ఒక పాత మిషను కొన్నాడు. “ఆరు రోజులు తెస్త అమ్మీ. ఆదివారం వాపస్ పోవాలె,” అన్నాడు. గొంతు తగ్గించి అడిగాడు. “ఇంక పలుకుతలేడా?”

“నీ పేరు పెట్టి పిలిస్తే పలకడురా.”

“అట్లయితే విను. ఆ పిలుపుకు ఒక్కసారి పలికిండంటే, నువ్వు పొమ్మన్నా పోను. మిషన్ గూడ ఈడనే పెట్టుకుంట. జూలూరుపాడు దాక ఎన్ని ఇండ్లు మనుషుల్లేక ఆగినయో నాకు తెల్వదా? పలకకుంటే మాత్రం, పని చేసి పోత. మొఖం తిప్పుకునేటాయన ముంగట ఎన్ని దినాలు తిరుగుత?”

అలా వచ్చింది మిషను, మంగళవారం పొద్దున.

దాని తొట్టిలో మాలు పోస్తే, కింద మర లాంటిది తిరిగి ముప్పై మీటర్ల గొట్టంలోకి తోస్తుంది. గొట్టం కొసన గాలి తగిలి మాలు చిమ్ముతుంది. హేమ్లి ఇసుక జల్లెడ పట్టి సిమెంటుతో కలిపి తొట్టిలో పోసేది. నెత్తి మీద తట్ట లేకుండా పనిచేయడం ఆమెకు మొదటి రోజంతా వింతగానే ఉంది. మాటిమాటికీ నెత్తి మీది చుట్టకుదురు తడుముకునేది. “మెడకాయ ఊకెనే ఉన్నది అక్కా, దీనికి ఏం పని చెప్పాలె?” అనేది. పరంజా మీద పర్వేజ్ గొట్టం పట్టుకుని, తండ్రి చెయ్యి ఆగిన చోటి నుంచి మొదలుపెట్టాడు. ఛాతీ ఎత్తు నుంచి పైకప్పు దాకా.

మజహర్ ఇటుకల కుప్ప మీద కూర్చుని చూశాడు. పొమ్మనలేదు, రమ్మనలేదు. ఇల్లు తనది కాదు కదా.

రెండోనాడు లేచి, తన తాపీ తీసుకుని, మిషను కొట్టిన మాలుకూ తను కొట్టిన మాలుకూ మధ్య అతుకు సాపు చేయడం మొదలుపెట్టాడు. ఆ అతుకు ఆయన భుజం కిందే ఉంది మరి. పైన కొడుకు, కింద తండ్రి, ఒకే గోడ. ఇద్దరికీ మధ్య మూడడుగులు. మాటలు మాత్రం హేమ్లి మీదుగా నడిచేవి.

“పెద్దమ్మా, మందం సరిపోయిందా అడుగు.”

“మేస్త్రీ, మందం సరిపోయిందా అంటుండు.”

“ఎడమ దిక్కు పల్సగున్నదని చెప్పు.”

“ఎడమ దిక్కు పల్సగున్నదట… ఏందయ్యా ఇది, నేనేమన్న సెల్లు టవరునా? ఇగ మీ ఇద్దరి దగ్గర నెలకింతని కిరాయి తీసుకుంట!”

పర్వేజ్ నవ్వాడు. మజహర్ పెదవి ఒక పక్కకు కదిలినట్టే కదిలి ఆగింది. కిటికీ బయట నిలబడ్డ ఖతీజా అది చూసింది. చాలు, ఆ పూటకు అది చాలు అనుకుంది. బుధవారం రాలేకపోయిన మాట గురువారం వస్తుందిలే అనుకుంది.

గురువారం పొద్దున హేమ్లి అలవాటుగా, “ఇయ్యాల ఏం భయమక్కా?” అని అడిగింది. ఖతీజా ఆలోచించింది. ఎంత ఆలోచించినా ఏదీ రాలేదు. “ఇయ్యాల ఏం లేదే,” అంది, తన మాట తనకే కొత్తగా. హేమ్లి ఆమెను ఎగాదిగా చూసింది.

మధ్యాహ్నం వెంకటప్పయ్య మోటారుసైకిలు మీద వచ్చాడు. ఆయన బావమరిది ఇల్లు కూడా కూలీలు లేక ఆగిపోయిందట. “ఒక్కసారి చూసి ఎన్నాళ్ళ పనో చెబుదువుగాని, రా బాబూ,” అని పర్వేజ్‌ను ఎక్కించుకున్నాడు. పోతూ పోతూ పర్వేజ్ మిషను ఆపి, హేమ్లికి చెప్పాడు. “తొట్టిల ఉన్నది పారబోసి, గొట్టంల నీళ్ళు తిప్పు పెద్దమ్మా. మర్చిపోకు. గంటల వస్త.”

ఖతీజా అప్పుడే అన్నం గిన్నెలు దించింది. తొట్టిలో సగానికి పైగా మాలుంది. హేమ్లి పార పట్టుకుని నిలబడింది గానీ చెయ్యి ఆడలేదు. మజహర్ మేస్త్రీ దగ్గర పదహారేళ్ళు పనిచేసిన మనిషి. మాలు పారబోసినవాడు అన్నం పారబోసినవాడితో సమానమని అన్నేళ్ళూ విన్నది.

“మేస్త్రీ, పారబొయ్యమన్నడు.”

మజహర్ వచ్చి తొట్టిలోకి చూశాడు. చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపాడు. “మంచి మాలు,” అన్నాడు. ఎవరికీ చెప్పినట్టు కాదు. తర్వాత తనే డ్రమ్ము దగ్గరికి పోయి గోనెసంచి ముంచి, పిండి, తొట్టి మీద పరిచాడు. నాలుగు మూలలూ లోపలికి మడిచి, గాలి పోకుండా అంచులు నొక్కాడు. ఒక పక్క జారితే మళ్ళీ సర్దాడు. తర్వాత వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు.

ఖతీజా కళ్ళు తుడుచుకుంది. పాతికేళ్ళుగా అన్నం వేళ ఆయన తన మాలుకు చేసే పనే అది. తను తినే ముందు మాలు ఎండకుండా కప్పుతాడు. ఇవాళ కొడుకు మిషనుకు కప్పాడు.

గొట్టం మాత్రం ఎండలో పడి ఉంది. లోపల నిండుగా మాలుతో, ఎర్రటి ఎండలో. దాని సంగతి ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

గంటలో వస్తానన్న పర్వేజ్ రెండు గంటల తర్వాత వచ్చాడు. సంచి లాగి తొట్టిలో మాలు చూడగానే వాడి మొహం మారిపోయింది. మిషను ఆడించాడు. అది గుర్రుమంది. ఒత్తిడి చూపే ముల్లు గిర్రున పైకి లేచింది. గొట్టం మొదట్లో ఒక్కసారిగా బిర్రబిగిసింది, కొస నుంచి చుక్క కూడా రాలేదు. వాడు చప్పున ఆపేశాడు.

“ఎవరు కప్పిన్రు?”

హేమ్లి నేల చూసింది. మజహర్ చేతిలో తాపీ చూసుకున్నాడు.

“పెద్దమ్మా, చెప్పు ఆయనకు,” అన్నాడు పర్వేజ్. “నేను పోవాలంటే పొమ్మని చెప్పొచ్చు. రేపే పోత. మిషన్‌ను ఎందుకు సంపుడు?”

హేమ్లి ఈసారి మాట చేరవేయలేదు. అవసరం లేదు. మజహర్ ఇటుకల కుప్ప దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఆయన ఎప్పుడూ అంత చిన్నగా కనబడలేదు.

ఇదే, ఇదే ఖతీజా పొద్దున అనవలసింది. అనలేదు. అయినా ముందుకొచ్చి కొడుకు చేతిలోని సంచి పట్టుకుంది.

“నీళ్ళల్ల ముంచి, పిండి, నాలుగు దిక్కుల సదిరిండురా. నేను చూసిన. చిన్నప్పుడు నువ్వు పండుకుంటే దుప్పటి కాళ్ళకిందికి దోపేటోడు సూడు, గట్ల దోపిండు. పాడు చేసేటోడు గట్ల కప్పుతడా?”

పర్వేజ్ సంచి వంక చూశాడు. ఇంకా తడిగా ఉంది. మూలల మడత ఇంకా విడలేదు. ఆ మడత వాడికి తెలుసు. పన్నెండేళ్ళప్పుడు సెలవుల్లో తండ్రి వెంట పోయి, తెలియక అర తట్ట మాలు పారబోస్తే, వీపు మీద ఒకటి వేసి, పక్కన కూర్చోబెట్టుకుని, ఈ మడతే నేర్పాడు తండ్రి. వాడు సంచిని డ్రమ్ము మీద ఆరేశాడు.

“తొట్టిల మాలు మంచిగనే ఉన్నది,” అన్నాడు చివరికి, ఎటో చూస్తూ. “గొట్టంలది గట్టిపడ్డది. మిషన్‌కు ఆగుడే జబ్బు. దానికి సంచి పనిచెయ్యదు.”

మరను వెనక్కి తిప్పి ఒత్తిడి తీశాడు. “విప్పకు, మొఖం మీద కొడ్తది!” అని ఖతీజా కేకేసింది. “ఒత్తిడి లేదమ్మీ, తీసేసిన,” అని వాడు గొట్టం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముప్పై మీటర్లలో ఎక్కడ గట్టిపడిందో ఎలా తెలుస్తుంది? అంతా విప్పి చూడాలంటే పొద్దుపోతుంది. అప్పటికి మిగతాదీ రాయవుతుంది.

అప్పుడు లేచాడు మజహర్. తాపీ తిరగేసి, చెక్క పిడితో గొట్టం మీద కొట్టాడు. చెవి వంచి విన్నాడు. అడుగు జరిగి మళ్ళీ కొట్టాడు. పాత గోడల్లో మాలు ఎక్కడ బోలుగా ఉందో, ఎక్కడ పట్టుగా ఉందో ఆయన అలాగే కనిపెడతాడు. టప్, టప్, టప్. ఒకచోట చప్పుడు మారింది. అక్కడ వేలితో సిమెంటు బొట్టు పెట్టాడు. ఇంకా పోయి, గొట్టం ముక్కలు కలిసే అతుకు దగ్గర ఇంకో బొట్టు పెట్టాడు. తాపీ తిప్పుకుని పక్కకు జరిగాడు.

పర్వేజ్ ఆ రెండు చోట్ల దగ్గరి బిగింపులే విప్పాడు. హేమ్లి చెక్కతో మోదింది. గొట్టం ఎత్తి దులిపితే రోకలి ముక్కంత గట్టి మాలు టపుక్కున జారి పడింది.

“ఓయమ్మో, మిషన్‌కు మలబద్ధకమే పట్టింది!” అంది హేమ్లి. పర్వేజ్‌కు నవ్వాగలేదు. ఖతీజా కూడా నవ్వింది. మజహర్ అప్పటికే వెనక్కి తిరిగి తన అతుకు దగ్గరికి పోయాడు.

శుక్రవారం తండ్రీ కొడుకులిద్దరూ నమాజుకు పోయారు. పది అడుగుల దూరంలో ఒకరి వెనక ఒకరు పోయి, అలాగే తిరిగొచ్చారు. ఖతీజా పిలిచింది. “పర్వేజ్ అబ్బా, అన్నం పెట్టిన!” మజహర్ వచ్చి కూర్చున్నాడు, తిన్నాడు. పర్వేజ్ తల్లి వైపు చూసి, కనబడీ కనబడనట్టు తల అడ్డంగా ఊపాడు.

శనివారం ఒక్క గోడే మిగిలింది, పై అంతస్తులో. ఖతీజా చాయ్ పట్టుకుని మెట్లెక్కేసరికి కొడుకు పరంజా మీద ఉన్నాడు. మిషను ఇంకా ఆడించలేదు. మజహర్ కింద నిలబడి గోడకు నీళ్ళు చల్లుతున్నాడు. కిటికీలోంచి చూస్తే ఎర్ర మిరపకాయ బస్తాలతో ట్రాక్టరు ఒకటి ఖమ్మం రోడ్డు పట్టి పోతోంది. ఆ ఘాటుకు అందరూ వరుసగా తుమ్మారు.

“ఇయ్యాల ఏం భయమక్కా?” అంది హేమ్లి ముక్కు తుడుచుకుంటూ.

ఖతీజా చాయ్ గ్లాసులు గట్టు మీద పెట్టింది. రెండేళ్ళ కింద గొంతు దాకా వచ్చి లోపలికి పోయిన మాట మళ్ళీ అక్కడికే వచ్చి నిలబడింది. ఈసారి మింగలేదు.

“రేపు వీడు పోతడు,” అంది. “పోతే ఇగ రాడు. నేను ఆ ఇంట్ల పొయ్యి కాడ కూసోని పిలుసుకుంటనే ఉంట. పిలిసి పిలిసి ఒకనాడు నా గొంతు పోతది. పలికెటోళ్ళు లేకనే పోతది. అదీ నా భయం.”

హేమ్లి నవ్వలేదు. పరంజా మీద పర్వేజ్ గొట్టం పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడిపోయాడు. మజహర్ చేతిలో చెంబు వంగే ఉంది, నీళ్ళు చుక్కలు చుక్కలుగా ఆయన కాళ్ళ మీద పడుతున్నాయి.

ఆమెకు ఇంకేం చెయ్యాలో తోచలేదు. తోచనప్పుడు నోటికొచ్చేది ఒకటే.

“పర్వేజ్ అబ్బా!”

గది ఖాళీగా ఉంది కదా, పిలుపు గట్టిగా మోగింది. మోగి ఆగింది. చెంబులో నీళ్ళు అయిపోయాయి. కింద రోడ్డు మీద ఇంకో ట్రాక్టరు వచ్చింది, పోయింది. దాని చప్పుడు పూర్తిగా వినబడకుండా పోయేదాకా ఎవరూ కదల్లేదు. హేమ్లి ఒక చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పరంజా కర్ర కిర్రుమంది. పైన కొడుకు ఒక కాలు మార్చి నిలబడ్డాడు, ఇటు మాత్రం తిరగలేదు. ఖతీజా రెండోసారి పిలవలేదు.

మజహర్ చెంబు కింద పెట్టాడు. కుడి చెయ్యి భుజం దాకా లేచి, పరంజా కర్ర పట్టుకుంది.

“ఆఁ,” అన్నాడు. “ఈడనే ఉన్న గద. చెప్పు.”